మూడో గ్లాసు

సబ్బులత్త కాస్టిక్ సోడా కొలిచేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడుతుంది. గదిలో ఎవరూ లేకపోయినా అంతే. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సొట్టపడిన స్టీలు గ్లాసుతో డబ్బాలోంచి సోడా తోడుతుంది. గ్లాసు అడుగును గట్టుమీద ఒక్కసారి టంగుమనేలా కొట్టి, పైకి పొంగిన దాన్ని చెంచా కాడతో గీసేసి, అప్పుడు నీళ్ల బకెట్లోకి వంచుతుంది. సోడాను నీళ్లలో పొయ్యాలే తప్ప నీళ్లను సోడాలో పొయ్యకూడదని ఎవరడిగినా చెబుతుంది. అది ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఎన్ని గ్లాసులు పొయ్యాలన్నది మాత్రం కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. అది బతుకుతెరువుకు సంబంధించిన సంగతి.

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను సబ్బులత్త అనే పిలుస్తారు. మంచి మనిషే గానీ, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. పాలతను ఒకరోజు ఎక్కువగా నవ్వాడంటే మర్నాడు పాలు మరగబెట్టి మరీ చూసేది. కొత్తగా వచ్చిన పక్కింటివాళ్లు మర్యాదకు పలకరిస్తే, వీళ్లకు మనతో ఏం పనుందా అని సాయంత్రం దాకా ఆలోచించేది. ఇన్నేళ్ల అనుమానంలో ఆమె పట్టుకున్న దొంగలు ఎవరూ లేరు. తాను జాగ్రత్తగా ఉండబట్టే దొంగలు పడలేదని ఆమె లెక్క.

సబ్బు చెయ్యడం ఆమెది. సోడానీళ్లు చల్లారాక గోరువెచ్చని నూనెలో సన్నటి ధారగా పోస్తూ, తెడ్డు వెంట గీతలు నిలిచేదాకా కలపడం, చెక్కపెట్టెల్లో పోసి దుప్పట్లు కప్పడం, మర్నాడు దిమ్మ తీసి తీగతో కొయ్యడం అన్నీ ఆమె చేతిమీదుగానే జరగాలి. కోసిన సబ్బు ముఖం మీద ఒకసారి నాలుక ఆనిస్తుంది. చురుక్కుమంటే సోడా ఎక్కువైనట్టు. అలా ఎప్పుడూ అవ్వలేదు, అయినా ఆనించకుండా ఏ దిమ్మనూ ఆరబెట్టేది కాదు. ఆ తర్వాత అరలమీద వారాల తరబడి ఆరిన సబ్బుల్ని కాగితాల్లో చుట్టడం, సంచిలో వేసుకుని దుకాణాలకు వెయ్యడం కోడలి పని. కోడలు గోడకు ఇవతల వంటింట్లో కూర్చుని చుడుతుంది. గోడకు అవతల అత్త కొలుస్తుంది. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉందని ఇద్దరూ అనుకునేవారు.

ఆ మధ్యాహ్నం కోడలు బయట నుంచి వస్తూనే, గొడుగు కూడా ముడవకుండా, "అత్తయ్యా, గెస్టుహౌసు మేనేజరమ్మ అన్ని గదుల్లోనూ మన సబ్బులే పెడతానంది" అంది.

"పెట్టనీ. వద్దన్నదెవరు?"

"కానీ బిల్లు కావాలంట. కాగితాల మీద పేరున్న వ్యాపారమైతేనే కొంటారంట. రిజిస్టరు చేయించుకుని రమ్మంది."

"మన వ్యాపారానికి పేరు లేకపోవడమేంటి? వీధి చివర నిలబడి సబ్బులత్త ఇల్లెక్కడని అడగమను, కుక్కలు కూడా చూపిస్తాయి."

"ఆ పేరు కాదత్తయ్యా. సర్కారు పుస్తకంలో ఎక్కే పేరు."

"ఎవరి పేరు?"

సబ్బులత్త ఈ మాట మామూలుగానే అడిగింది. కోడలు గొడుగు ముడుస్తూ కాస్త ఆగి, "అదే తేల్చుకోవాలి. ఎవరో ఆడిటరు ఉన్నారంట, ఆయన్ని అడిగితే చెబుతారంది" అని లోపలికి వెళ్లింది. ఆ కాస్త ఆగడం చాలు సబ్బులత్తకు. రాత్రి భోజనాల దగ్గర కొడుకు, లిఫ్టుల గ్రీజు వదలని గోళ్లతో పళ్లెం దగ్గరకు లాక్కుంటూ, అదే ఆడిటరు మాట ఎత్తాడు. ఇద్దరూ ముందే అనుకున్నారన్నమాట! ఆమె పళ్లెం పక్కకు తోసింది. ఉప్పు తక్కువైందని వంకపెట్టి లేచిపోయింది.

*

ఆడిటరు గది బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం పైన ఉంది. మెట్లెక్కుతుంటే వేడి గుడ్డల వాసన వెంట వచ్చింది. ఆయన బొద్దుగా, నిదానంగా ఉన్నాడు. మాట్లాడుతూ గుండుసూదులన్నిటినీ ఒకే వైపు తలలు ఉండేలా పెట్టెలో సర్దుతుంటాడు. అంత ఓపికున్న మనిషిని నమ్మకూడదని సబ్బులత్త కూర్చుంటూనే నిర్ణయించుకుంది.

"మూడు పద్ధతులున్నాయి అమ్మగారూ" అన్నాడాయన. "ఒక్కరి పేరు మీద పెట్టుకోవచ్చు. సులువు. లాభమొచ్చినా వాళ్లదే, నష్టమొచ్చినా వాళ్లదే. రేపేదైనా గొడవొస్తే ఆ మనిషి ఇల్లూ వాకిలీ కూడా అందులోకి లాగుతారు."

ఇల్లు సబ్బులత్త పేరున ఉంది. ఆమె కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది.

"రెండోది భాగస్వామ్యం. మీరూ, మీ కోడలూ కలిసి పెట్టుకున్నారనుకోండి. ఒప్పందం రాసుకుంటారు. కాకపోతే ఒకరు చేసిన పొరపాటుకు రెండోవాళ్లు కూడా జవాబుదారే. ఆవిడ తప్పుకు మిమ్మల్ని అడగొచ్చు, మీ తప్పుకు ఆవిణ్ణి అడగొచ్చు."

"ఆవిడ తప్పుకు నేనెందుకు చెప్పాలి జవాబు?"

"పద్ధతి అదండీ. ఇద్దరూ ఒకటేనని కదా సంతకం పెడతారు."

"మూడోది చెప్పండి."

"కంపెనీ. అది మీకంటే వేరే మనిషి లెక్క. మీరు పెట్టిన వాటా వరకే మీకు పూచీ. మామూలుగా మీ ఇంటి జోలికి ఎవరూ రారు."

"సబ్బులు ఎవరివి?"

"కంపెనీవి."

"మరి నేనెవర్ని?"

"మీరు వాటాదారు. డైరెక్టరు కూడా."

"తీసెయ్యొచ్చా?"

"ఎవర్నండీ?"

"ఆ డైరెక్టర్ని."

గుండుసూది పట్టుకున్న వేళ్లు ఆగాయి. "ఎక్కువ వాటాలున్నవాళ్లు అనుకుంటే తీసెయ్యొచ్చు" అన్నాడాయన, ఆమె ముఖంలోకి చూడకుండా.

సబ్బులత్త పక్కకు చూసింది. బల్లమీద కొడుకూ కోడలూ పక్కపక్కన కూర్చున్నారు. కోడలి తడి గొడుగు కొడుకు మోకాలికి ఆని ఉంది. వాటాలు ముగ్గురికీ పంచితే అటు ఇద్దరు, ఇటు తనొక్కతే. ఈ లెక్కకు ఆడిటరు అక్కర్లేదనుకుంది. తన చేతులతో కలిపి, తన నాలుకతో రుచిచూసి నిలబెట్టిన పనిలోంచి తనను ఒక మధ్యాహ్నంపూట మర్యాదగా లేవదీసి పక్కన కూర్చోబెడతారు. నువ్వు విశ్రాంతి తీసుకో అత్తయ్యా అంటారు. ఆ మాట అనే గొంతు కూడా ఆమెకు వినిపించింది.

"ఏ పద్ధతి అయినా, సబ్బుకు అనుమతి కావాలంటే అందులో ఏది ఎంత పడుతుందో రాసివ్వాలండీ" అన్నాడు ఆడిటరు. "ఆ పాళ్లు ఎవరికి తెలుసు?"

కొడుకూ కోడలూ ఇద్దరూ ఒకేసారి ఆమెవైపు చూశారు. సబ్బులత్త కిటికీవైపు చూసింది.

కిందికి దిగాక కోడలు, "అయ్యో, గొడుగు మర్చిపోయాను. మీరు నడుస్తూ ఉండండి" అని మళ్లీ మెట్లెక్కింది. గొడుగు తీసుకోవడానికి ఎంతసేపు కావాలి? సబ్బులత్త ఇస్త్రీ దుకాణం ముందు ఆగి, ఎవరో మడతపెడుతున్న దుప్పటిని మెచ్చుకుంటున్నట్టు నిలబడి పైకి చూసింది. కిటికీలో కోడలి భుజం కనిపించింది. ఏదో వివరంగా అడుగుతోంది. ఆడిటరు తల ఊపుతున్నాడు.

"ఏమంటున్నాడు ఆయన?" అని అడిగింది, కోడలు దిగి వచ్చాక.

"ఏం లేదత్తయ్యా. గొడుగు కుర్చీ కింద పడిపోయింది."

*

ఆ సాయంత్రం సబ్బులత్త భుజం పట్టేసింది. నూనె ఎంతసేపు కలిపినా గీత నిలవని రోజు ఒకటి వస్తుంది, ఆ రోజు అదే. కోడలు వెనక నిలబడి భుజానికి మందు రాస్తూ, "అత్తయ్యా, ఆ పాళ్లు చెబితే రాసుకుంటాను. ఆడిటరుగారికి ఇవ్వాలిగా" అంది.

అసలు సంగతికి వచ్చింది, అనుకుంది సబ్బులత్త. భుజం మీద వేళ్లు మెత్తగా కదులుతున్నాయి. ఆ మెత్తదనం కూడా ఆమెకు నచ్చలేదు.

నూనెలు దాచలేదు. కొబ్బరినూనె ఏ గిన్నెతో ఎన్ని, పామాయిలు ఎన్ని, నీళ్లు ఎంత, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. నిజం చెబుతూ ఉంటే అబద్ధానికి దారి సాఫీగా ఉంటుంది. కోడలు చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుని రాసుకుంది.

"సోడా?"

"మూడు గ్లాసులు."

కోడలి పెన్ను ఆగింది. "మూడా?"

"మూడు. చెవుడొచ్చిందా నీకు?"

"కాదత్తయ్యా" అని, ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, కోడలు రాసేసుకుంది.

సబ్బులత్తకు కడుపులో చల్లగా అనిపించింది. ఇన్నాళ్లకు దొంగకు తాళంచెవి ఇచ్చి, తాళం మార్చినంత హాయి. ఆ హాయి పడుకునేదాకా కూడా నిలవలేదు. పక్కమీద అటూ ఇటూ దొర్లుతూ తనకు తనే సర్దిచెప్పుకుంది. కాగితం మీద మూడుంటే ఎవరికి నష్టం? చేసేది నేను, పోసేది రెండు. నేను లేకుండా చేస్తేనే కదా చెడేది? నన్ను లేకుండా చెయ్యాలనుకున్నవాళ్లకే కదా ఆ శిక్ష? అందులో ఎక్కడా తప్పు కనబడలేదు. మరి నిద్రెందుకు పట్టలేదో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె అక్క దగ్గర నుంచి కబురొచ్చింది. కంటికి ఆపరేషను చేశారు, ఒక రాత్రి తోడుండాలి. సబ్బులత్త బట్టలు సర్దుకుని, బయలుదేరేముందు పనిగదిలోకి వెళ్లి నూనె డబ్బాల మూతలు ఎటు తిరిగి ఉన్నాయో బాగా గుర్తుపెట్టుకుని వెళ్లింది. సొట్ట గ్లాసును సంచిలో వేసుకుందామా అని కూడా అనుకుంది. మరీ బాగుండదని గట్టుమీదే వదిలేసింది.

అక్క కంటికి పట్టీతో మంచంమీద పడుకుని ఉంది. చెల్లెలు కుర్చీలో కూర్చుని కంపెనీల గురించీ, వాటాల గురించీ, గొడుగు గురించీ చెప్పుకొచ్చింది. అక్క అంతా విని, "ఇంతకీ నీ కోడలు నిన్నేం చేసిందే?" అంది.

"ఇంకా ఏం చెయ్యలేదు."

"మరి?"

"అదే నా భయం."

అక్క ఒంటికన్నుతో ఆమెను చాలాసేపు చూసి, అటు తిరిగి పడుకుంది.

*

తిరిగి వస్తూ సబ్బులత్త ఇంటికి వెళ్లలేదు, తిన్నగా ఇస్త్రీ దుకాణం పక్క మెట్లెక్కింది. ఆడిటరు ఆమెను చూసి పెట్టె మూత వేశాడు.

"ఆ రోజు మా కోడలు వెనక్కొచ్చి మిమ్మల్నేం అడిగింది?"

"అది ఆవిణ్ణే అడగండి అమ్మగారూ. నేను చెప్పడం బాగుండదు."

"బాగుండనిదేదో ఉందనే వచ్చాను. చెప్పేదాకా లేవను."

లేచేలా లేదని ఆయనకూ అర్థమైనట్టుంది. పెట్టె పక్కకు జరిపి, "ఇల్లు అత్తయ్య పేరున ఉందండీ, వ్యాపారంలో ఏమొచ్చినా ఆ ఇంటిమీదికి రాకుండా ఉండాలంటే ఏది మంచిదని అడిగింది. కంపెనీ అన్నాను" అన్నాడు.

"ఇంకా?"

"అత్తయ్య ఒప్పుకోకుండా అత్తయ్యను ఎవరూ తీసెయ్యకుండా నిబంధన రాయొచ్చా అని అడిగింది. రాయొచ్చన్నాను."

"ఇది నా ముందే అడగొచ్చుగా?"

"మీ ముందు అడిగితే మీరు వేరేగా అనుకుంటారందండీ."

సబ్బులత్త ఆయన ముఖాన్ని అటూ ఇటూ వెతికింది. "మీరు ఆవిడ తరఫు మనిషి కాదుగదా?" అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఏమైనా దొరుకుతుందేమోనని కూడా చూసింది. ఏమీ దొరకలేదు.

మెట్లు దిగుతుంటే మూడు అన్న మాట గుర్తొచ్చింది. కాళ్లు వాటంతటవే వేగం పెంచాయి. ఇంటికి వెళ్లగానే చెప్పెయ్యాలి. మూడు కాదమ్మా రెండు, వయసు మీద పడింది కదా, మతిమరుపు అనాలి. వీధి మలుపు తిరిగేసరికి ఆ మాటలు నోటికి వచ్చేశాయి. మతిమరుపు అనేటప్పుడు నుదురు ఎక్కడ కొట్టుకోవాలో కూడా అనుకుంది.

గుమ్మంలో కొడుకు పనిముట్ల సంచి పడి ఉంది. ఆ వేళప్పుడు అది ఇంట్లో ఉండకూడదు. ఆమె చెప్పులు కూడా విడవకుండా లోపలికి నడిచింది.

కోడలు వంటింట్లో కుళాయి కింద వంగి ఉంది. నోరు తెరిచి, నాలుక మీద నీళ్లు పడనిస్తోంది. గడ్డం నుంచి మెడమీదికి నీళ్లు కారుతున్నాయి. పనిగదిలో బల్లమీద కొత్త దిమ్మ ఉంది, తీగ సగంలో ఆగిపోయింది. సుద్దముక్కలా తెల్లగా బీటలువారి, కోసినచోట నీటిచెమ్మ బొట్లుబొట్లుగా ఊరుతోంది. అలాంటి దిమ్మను సబ్బులత్త తన జన్మలో చూడలేదు. చూసినా పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు.

"చూశావా అమ్మా, నీ కోడలి నిర్వాకం!" అన్నాడు కొడుకు. "నీ భుజం నొప్పి తగ్గేలోపు ఒక దిమ్మ చేసి పెడదామని నిన్న కూర్చుంది. కొలత తప్పు పోసుకుంది. పోస్తే పోసింది, నీలాగే తగుదునమ్మా అని నాలుక ఆనించింది."

"ముందు డాక్టరు దగ్గరకి…"

"తీసుకెళ్లి తీసుకొచ్చా. నీళ్లు పోస్తూ ఉండమన్నారు." భార్యవైపు తిరిగాడు. భయం తగ్గిపోయి కోపం మొదలయ్యే వేళ అది. "అమ్మ ఇన్నేళ్లుగా చేస్తోంది, ఒక్కసారైనా ఇలా అయిందా? రాసుకున్నది చూసి పొయ్యడం కూడా చేతకాదా? లెక్కపెట్టడం రాదా నీకు?"

కోడలు తల ఎత్తింది. నాలుక కొస ఎర్రగా కమిలి ఉంది. మాట్లాడే పరిస్థితిలో లేదు. మొగుణ్ణి కాదు, అత్తను చూసింది. దెప్పుతున్నట్టు లేదు, అడుగుతున్నట్టు ఉంది ఆ చూపు.

రెండే అన్న మాట సబ్బులత్త గొంతు దాకా వచ్చింది. దారంతా మోసుకొచ్చిన మతిమరుపు కూడా సిద్ధంగానే ఉంది. కొడుకు ముందు, ఆ దిమ్మ ముందు, ఆ నాలుక ముందు అది బయటికి తీసే ముఖం లేకపోయింది.

"నీళ్లు పోస్తూ ఉండమ్మా" అంది, అంతే.

"లెక్క తప్పిందా లేదా, అది చెప్పు" అన్నాడు కొడుకు మళ్లీ.

కోడలు తనే తప్పు చేసినట్టు తల ఊపి, మళ్లీ కుళాయి కిందికి వంగింది.

*

నాలుక మానేదాకా ఇంట్లో మాటలు లేవు. కోడలు చల్లటి పాలు చెంచాతో మింగుతూ, సైగలతో పని జరుపుకుంది. కొడుకు చెడిపోయిన నూనెను తలచుకుని గొణిగినప్పుడల్లా సబ్బులత్త ఏదో గిన్నె గట్టిగా పెట్టేది. ఆ దిమ్మను తనే పగలగొట్టి, సంచిలో కట్టి పారేసింది. అంట్లు తోమింది, బట్టలు ఉతికింది, కోడలు చుట్టాల్సిన సబ్బులన్నీ తనే చుట్టింది. చేస్తున్నంతసేపూ కంటి కొసతో కోడల్ని కనిపెట్టుకునే ఉంది. తెలుసా? తెలిసే ఊరుకుందా? ఊరుకుని ఏం చెయ్యబోతోంది? మాట వచ్చిన రోజు మొదటి మాట ఏమంటుంది? ఇన్నాళ్లూ లేని దొంగను వెతికిన మనిషి, ఇప్పుడు దొంగ తనే అయ్యేసరికి, పోలీసెవరో తెలియక కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

మాట వచ్చిన రోజు కోడలు మామూలుగా, కొంచెం నత్తిగా, "ఆడిటరుగారు రమ్మన్నారు అత్తయ్యా" అంది. ముగ్గురూ వెళ్లారు.

మెట్లెక్కుతూ సబ్బులత్త ఒక నిర్ణయానికి వచ్చింది. కూర్చోగానే, ఎవరూ అడగకముందే, "భాగస్వామ్యం రాయండి. నేనూ, మా కోడలూ" అంది.

కొడుకు నోరు తెరిచాడు. ఆడిటరు కళ్లజోడు సర్దుకున్నాడు. "చెప్పానుగదా అమ్మగారూ, అందులో ఒకరి పొరపాటుకు రెండోవాళ్లు…"

"తెలుసు. ఆవిడ పొరపాటుకు నేను జవాబు చెబుతాను."

ఇంత పెద్ద మాట తన నోట ఎప్పుడూ రాలేదని ఆమెకే అనిపించింది. దానితో ఆ దిమ్మ సంగతి చెల్లిపోతుందని కూడా మనసులో ఎక్కడో ఉంది. కోడలి ముఖం వెలుగుతుందని చూసింది.

కోడలు మెల్లగా, ఒక్కో అక్షరం నాలుకకు తగలకుండా తప్పిస్తున్నట్టు, "మీ పొరపాటుకో?" అంది.

గుండుసూదులు కదలడం ఆగిపోయింది.

"అమ్మ పొరపాటేంటి?" అన్నాడు కొడుకు.

ఇక దాక్కోవడానికి గోడ లేదు. సబ్బులత్త చేతులు ఒడిలో పెట్టుకుని, వాటినే చూస్తూ చెప్పింది. "సోడా రెండు గ్లాసులే రా. మూడని నేనే చెప్పాను. మర్చిపోయి కాదు."

కొడుకు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. లెక్కపెట్టడం రాదా అని అరిచిన నోరు అతనిదే. భార్యవైపు చూడబోయి నేలవైపు చూశాడు.

"రెండని నాకు తెలుసు అత్తయ్యా" అంది కోడలు.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ. గోడ ఇవతల కూర్చుని సబ్బులు చుడతానుగా. మీరు గ్లాసు గట్టుకి కొట్టినప్పుడల్లా టంగుమంటుంది. ఎప్పుడూ రెండుసార్లే వినపడేది."

సబ్బులత్త వీపు చూపించి దాచిన సంగతి, గోడకు అవతల అన్నేళ్లుగా మోగుతూనే ఉంది. ఆ పిల్ల దాన్ని ఎవరికీ చెప్పలేదు, దానితో ఏమీ చేసుకోనూ లేదు.

"తెలిస్తే మరి మూడెందుకు పోశావే?"

"మీరు చెప్పారుగా" అంది కోడలు. అంతకన్నా కారణం ఏం కావాలన్నట్టు అంది. "నేను వినడంలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. మూడోది మెల్లగా పెడతారేమో, నాకు వినపడదేమో అనుకున్నాను. మీరు అబద్ధం చెప్పుంటారని తోచలేదు."

కింద దుకాణంలో ఇస్త్రీపెట్టె బల్లకు తగిలిన చప్పుడు పైకి వినిపించింది. ఆడిటరు కాగితాలు దగ్గరకు లాక్కుని, "అయితే… భాగస్వామ్యమేనా అండీ?" అన్నాడు.

"వద్దండీ" అంది కోడలు. "కంపెనీయే రాయండి. ఎవరి తప్పు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇల్లు అత్తయ్యకు ఉంటుంది. అత్తయ్య ఒప్పుకోకుండా అత్తయ్యను తీసెయ్యకూడదన్న నిబంధన కూడా ఉండనివ్వండి."

గొంతులో కోపం లేదు. ఉంటే సబ్బులత్త ఓర్చుకునేది, తిరిగి నాలుగు మాటలని, ఏడ్చి, ముక్కు చీది తేల్చుకునేది. తను కోరుకున్నవన్నీ దక్కాయి. ఇల్లు పోదు, పని పోదు, ఎవరూ లేవదీయరు. అవి చేతిలో పడ్డాక గానీ, ఇన్నాళ్లూ తాళమెయ్యకుండానే ఇంట్లో ఉన్నదేదో తెలిసిరాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో రెండుసార్లు అడిగింది.

*

కంపెనీ తరఫున మొదటి దిమ్మ చేసిన రోజు సబ్బులత్త గోడకు వీపు పెట్టి, గదివైపు తిరిగి నిలబడింది. తలుపు బార్లా తీసి ఉంచింది. కోడలు తూకం యంత్రం ఒకటి కొనుక్కొచ్చి బల్లమీద పెట్టింది. సబ్బులత్త సోడా తోడి, గ్లాసు గట్టుకు టంగుమని కొట్టి, అంచు గీసి చూపించింది. కోడలు రబ్బరు తొడుగుల చేతులతో గ్లాసు అందుకుని తూకంమీద పెట్టింది. అంకె నిలబడేదాకా ఆగి చూసి, రాసుకుని, తిరిగి ఇచ్చింది. రెండోదీ అలాగే చేసింది.

"ఇంతే" అంది సబ్బులత్త.

"సరే అత్తయ్యా" అంది కోడలు. అని, డబ్బా మూత వేసేదాకా ఆమె చేతుల్ని చూస్తూనే ఉంది.

ఆ చూపు సబ్బులత్తకు తెలుసు. పాలతన్నీ, పక్కింటివాళ్లనీ, ఆడిటరునీ తను చూసిన చూపే అది. కాకపోతే ఈ పిల్ల దానికి ఇంకా కొత్త, కాస్త బెరుగ్గా చూస్తోంది.

మర్నాడు పొద్దున దిమ్మ పెట్టెలోంచి తేలిగ్గా జారింది. మీగడరంగులో, బీట లేకుండా, చెయ్యి ఆనిస్తే నున్నగా ఉంది. తీగకు చెరోవైపు పట్టుకుని కోశారు. మొదటి ముక్కను కోడలు అరచేతిలోకి తీసుకుంది. కోసిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. నోటిదాకా తెచ్చింది. అక్కడ ఆగిపోయింది. తర్వాత చెయ్యి చాపింది.

"ముందు మీరు చూడండి అత్తయ్యా."

సబ్బులత్త ముక్క అందుకుంది. నాలుక చాపి దానిమీద ఆనించింది. చురుక్కుమనలేదు. మంటా లేదు, ఏమీ లేదు, వట్టి సబ్బు. అయినా వెంటనే తియ్యలేదు. కోడలు తన ముఖంలో ఏం మారుతుందోనని చూస్తోంది. ఆమె చూసినంతసేపూ అలాగే ఆనించి ఉంచింది.

"బాగుంది" అంది చివరికి.

కోడలు వెంటనే ముక్క అందుకోలేదు, ఇంకాసేపు ఆగింది.